ఓడలో రెండు రూములు, మా ఇంట్లో ఒక బీరువా

ముందే చెప్పేస్తున్నా, నేను ఓడ ఎక్కలేదు. పుట్టినప్పటి నుంచి చూసిన పెద్ద నీళ్లంటే నిజాంసాగర్, పోచంపాడ్, అంతే. ఎక్కిన పడవ అంటే ట్యాంక్‌బండ్ దగ్గర బుద్ధుడి విగ్రహం దాకా తీసుకెళ్లేది. అయినా ఈ వ్యాసం క్రూజ్ షిప్‌లో మంచాలు ఎక్కడ వేస్తారు అనే దాని మీద. ఎందుకంటే మా ఇళ్లల్లో ఒక నమ్మకం ఉంది: కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లవాడికి ప్రింటర్ బాగుచేయడం, ఆధార్ లింక్ చేయడం, ప్రపంచంలోని ఏ సమస్యనైనా తీర్చడం వచ్చి తీరుతుంది.

మొన్న ఎండాకాలం డల్లాస్ నుంచి మా పెద్దమ్మ కూతురు వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపింది. ఓడలో ఒక అంతస్తు ప్లాన్. అగ్గిపెట్టెలు పేర్చినట్టు వందల గదులు, మధ్యలో రెండింటి చుట్టూ ఎర్ర గీత. కింద వాయిస్ మెసేజ్: “తమ్మీ, జర ఇది చూడు. ఆగస్టుల పోతున్నం, గాల్వెస్టన్ నుంచి. రెండు రూములు తీసుకున్నం, నడుమ తలుపు ఉంటదట. మంచాలు ఎట్ల ఉంటయో సమజైతలేదు. మామయ్య రాత్రి రెండు మూడుసార్లు లేస్తడు. చిన్నోడు మంచం మీదికెంచి పడ్తడు. ఎవరిని ఏ రూంల పండవెట్టాలె?”

అక్క వాళ్ల అత్తమ్మ, మామయ్యలది బోధన్ పక్కన ఊరు. చెరుకు రైతులు. ఆరు నెలల కోసం అమెరికా పోయారు. మామయ్యకు మోకాలు ఆపరేషన్ అయింది. అంటే లెక్క ఇది: ఇద్దరు పెద్దవాళ్లు, అక్కాబావ, ఏడేళ్ల పాప, మూడేళ్ల బాబు. రెండు చిన్న గదులు, ఒక నడిమి తలుపు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. హోటళ్లలో, ఓడల్లో ‘అడ్జాయినింగ్’ అంటే పక్కపక్క గదులు, అంతే. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోవాలంటే కారిడార్‌లోకి వచ్చి పోవాల్సిందే. ‘కనెక్టింగ్’ అంటే గోడలో తలుపు ఉన్నట్టు. బుక్ చేసేటప్పుడు చాలామంది మొదటిది తీసుకుని రెండోది దొరుకుతుందనుకుంటారు. ప్లాన్‌లో కనెక్టింగ్ గదుల మధ్య ఒక చిన్న గుర్తు ఉంటుంది. ఒక కంపెనీ ఓడలో బాణం, ఇంకోదాంట్లో చుక్క, మరోదాంట్లో త్రిభుజం. పక్కనున్న వివరణ చూడకుండా నమ్మకూడదు. అక్క తీసుకున్నవి కనెక్టింగే, బతికిపోయాం.

నిజానికి ఈ సంగతి మన నిజామాబాద్ వాళ్లకు కొత్త కాదు. వినాయక్‌నగర్‌లో చూడండి, ఎల్లమ్మగుట్టలో చూడండి, ఒక ఇంటిని రెండు పోర్షన్లు చేసి ఒకటి కిరాయికి ఇస్తారు. నడిమి గోడలో తలుపు ఉంటుంది. ఇటు గడియ, అటు గడియ. అయినా నమ్మకం లేక ఇటువైపు బీరువా, అటువైపు మంచం అడ్డం పెడతారు. మా ఇంట్లోనూ అంతే. వెనక పోర్షన్‌లో కిరాయిదార్లు ఉన్నన్ని రోజులు మా పడకగదిలో ఆ తలుపు ముందు అమ్మ బీరువా నిలబడి ఉండేది. రెండేళ్ల కింద కిరాయిదార్లు ఖాళీ చేశారు, బోధన్ నుంచి తాత, నానమ్మ వచ్చి ఆ పోర్షన్‌లో ఉంటున్నారు. బీరువా మాత్రం అక్కడే ఉంది. ఎవరూ పనిగట్టుకుని వద్దనలేదు. బరువు, అంతే కారణం. దీని సంగతి తర్వాత.

ఓడ గదిని కారిడార్ నుంచి సముద్రం వైపు ఒక వరుసలో చదవాలి. లోపలికి అడుగుపెట్టగానే ఒక పక్క బాత్రూం. తర్వాత బట్టల అల్మారా. ఆ తర్వాత మంచం, దానికి ఎదురుగా బల్ల, అద్దం. చివరికి సోఫా, కిటికీ లేదా బాల్కనీ. ఏ కంపెనీ అయినా చాలావరకు ఇదే వరుస, ఎందుకంటే దీన్ని నిర్ణయించేది అందం కాదు, పైపులు. నీళ్ల పైపులు, గాలి గొట్టాలు, కరెంటు తీగలు అన్నీ కారిడార్ వెంబడి పోతాయి. బాత్రూం వాటికి ఎంత దగ్గరుంటే అంత తక్కువ పైపు, అంత సులువుగా రిపేరు.

ఇంకో విషయం తెలిసి ఆశ్చర్యపోయాను. ఈ గదుల్ని చాలావరకు ఓడలో కట్టరు. నేల మీద ఫ్యాక్టరీలో తయారుచేసి, బాత్రూంతో సహా, పూర్తి డబ్బాలుగా తెచ్చి టేబుల్‌కు సొరుగు తోసినట్టు ఓడలోకి తోస్తారు. ఫిన్లాండ్‌లో పీక్కియో అనే ఊళ్లో అచ్చంగా ఇదే పని చేసే ఫ్యాక్టరీ ఉంది. బోధన్‌లో చక్కెర చేసినట్టు అక్కడ గదులు చేస్తారన్నమాట. అందుకే నడిమి తలుపు ఎక్కడుండాలో గది పుట్టకముందే తేలిపోవాలి. తర్వాత ఎవరో ఫ్యామిలీ వచ్చి అడిగారని గోడ కొట్టి పెట్టేది కాదు.

పక్కపక్క గదులు అద్దంలో బొమ్మల్లా తిరగబడి ఉంటాయి. ఒకదాని బాత్రూం కుడివైపుంటే పక్కదానిది ఎడమవైపు. రెండు బాత్రూములూ వీపు వీపు ఆనించుకుని ఒకే పైపుల గుంజను పంచుకుంటాయి. తాతకు ఈ బొమ్మ చూపిస్తే వెంటనే అన్నాడు, “గిది మా క్వార్టర్ లెక్కనే ఉన్నది.” తాత నిజాం షుగర్ ఫ్యాక్టరీలో చేశాడు. 1937లో మొదలై ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న ఫ్యాక్టరీ. అది ప్రైవేటు చేతికి పోయింది 2002లో, తాత అంతకు ముందే రిటైరయ్యాడు. 2015 డిసెంబర్‌లో అది మూతపడింది. శక్కర్‌నగర్‌లో తాత ఉన్న క్వార్టర్, పక్కింటి క్వార్టర్ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవట. వీళ్ల వంటింట్లో గిన్నె పడితే వాళ్ల వంటింట్లో తెలిసేదట. వీళ్లకు కుడిచేతి దిక్కు ఉన్నదల్లా వాళ్లకు ఎడమచేతి దిక్కు. తాత ఒకసారి నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి నిద్రమత్తులో పక్కింటి వరండా ఎక్కి “తలుపు ఎడమకెట్ల వచ్చిందిరా” అని నిలబడ్డాడని నానమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

సరే, తలుపు దగ్గరికి వద్దాం. అది రెండు చోట్ల ఉండొచ్చు.

ఒకటి, గదిలోకి రాగానే ఉండే ఇరుకు నడవాలో, బాత్రూంకు ఎదురు గోడలో. ఇక్కడైతే ఫర్నిచర్‌కు దెబ్బ తక్కువ, ఎందుకంటే నడవాలో మామూలుగా ఏమీ ఉండదు. కానీ కారిడార్ తలుపు, బాత్రూం తలుపు, అల్మారా తలుపు, ఈ తలుపు, నాలుగూ ఒకేచోట. పాప బాత్రూంలోంచి వస్తుంది, అత్తమ్మ పక్క గదిలోంచి వస్తుంది, బావ బయటి నుంచి వస్తాడు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో డెడ్‌లాక్‌కు ఉదాహరణ రాయమంటే ఇది రాయండి. ముగ్గురూ ఎదుటివాళ్లు జరిగితే తాము జరుగుదామని నిలబడతారు.

రెండోది, లోపలి గదిలో, బల్ల గానీ సోఫా గానీ ఉండాల్సిన గోడలో. ఇక్కడ అసలు కథ మొదలవుతుంది. గది పొడవు 6 మీటర్లు అనుకోండి. బాత్రూం, అల్మారా కలిసి 2.5 మీటర్లు తినేస్తే మిగిలిన గోడ 3.5 మీటర్లు. తలుపు, దాని చట్రం కలిపి 80 సెంటీమీటర్లు. మిగిలింది 2.7 మీటర్లు. సోఫాకు 1.6 మీటర్లు చాలు కదా, హాయిగా పడుతుంది అనుకుంటాం. పడదు, తలుపు సరిగ్గా మధ్యలో ఉంటే. అప్పుడు అటు 1.35, ఇటు 1.35. మొత్తం జాగా ఉంది, ఒక్కచోట లేదు. మెమరీ ఫ్రాగ్మెంటేషన్ అని మనం సెకండియర్‌లో బట్టీ కొట్టామే, అదే ఇది. ర్యామ్‌లో కాకుండా గోడలో.

ఇది కాక రెక్క తిరిగే జాగా. 70 సెంటీమీటర్ల రెక్క పావు చక్రం తిరిగితే దాదాపు 0.38 చదరపు మీటర్లు. చిన్నదే. కానీ ఆ పావు చక్రంలో కుర్చీ పెట్టలేం, సూట్‌కేస్ పెట్టలేం, దాని ముందు మనిషి నిలబడే జాగాలో కూడా ఏమీ పెట్టలేం. 15 నుంచి 18 చదరపు మీటర్లుండే గదిలో అది చాలా ఖరీదైన జాగా. అందుకే ఒకే ధర పెట్టినా కనెక్టింగ్ గదిలో కొన్నిసార్లు మూడు సీట్ల సోఫా బదులు ఒక్క కుర్చీయే ఉంటుంది. సోఫా లేదంటే సోఫా బెడ్ లేదు. అంటే మూడో మనిషి పడుకునే చోటు గోడ మీదికో సీలింగ్ మీదికో పోతుంది, రైలు అప్పర్ బెర్త్‌లా రాత్రి కిందికి దించేది. ఫ్యామిలీ కోసమని నడిమి తలుపు పెడితే ఆ తలుపే ఫ్యామిలీలో ఒకరి పడక తీసేస్తుంది. నాకైతే ఈ మొత్తం సంగతిలో ఇదే తమాషా అనిపించింది.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. కంపెనీ వాళ్ల ఫొటో చూసి, “అక్కా, సూపర్‌గా ఉంది, తలుపు పక్కన సోఫా, చాలా జాగా” అని మెసేజ్ పెట్టేశాను. తర్వాత తట్టింది, అది పగటి ఫొటో. గదికి కనీసం రెండు స్టేట్స్ ఉంటాయి. పగలు సోఫా సోఫాగా ఉంటుంది, పై బెర్త్ మడిచి ఉంటుంది. రాత్రి సోఫా ముందుకు విప్పుకుని మంచమవుతుంది, పై బెర్త్ దిగుతుంది, దానికి నిచ్చెన వస్తుంది. పగలు తలుపుకు సోఫా అడ్డం కాదు. రాత్రి విప్పిన సోఫా అంచు తలుపు ముందుకే వస్తుంది. తలుపు తెరవాలంటే సోఫా మడవాలి, సోఫా మడవాలంటే దాని మీద పడుకున్న పాపను లేపాలి. మామయ్యకు రాత్రి రెండింటికి కాలు నొప్పి లేస్తే ఆ తలుపు ఉండీ లేనట్టే. కాబట్టి అలాంటి గదిని చూసేటప్పుడు పగలు పది గంటలకు కాదు, అర్ధరాత్రి రెండు గంటలకు చూడాలి. అన్నీ విప్పి, లైట్లు ఆర్పి, నేల మీద చెప్పులతో సహా.

మంచాల సంగతి కొంచెం నయం. చాలా ఓడల్లో డబుల్ బెడ్ నిజానికి రెండు సింగిల్ మంచాలు, కలపొచ్చు, విడదీయొచ్చు. మొదటిరోజే రూం చూసుకునే స్టీవర్డ్‌కు చెబితే మార్చిపెడతారు. కలిపి ఉంచితే జాగా కలిసొస్తుంది కానీ ఒకవైపు గోడకు ఆనిందంటే లోపలి మనిషి బయటి మనిషిని దాటి రావాలి. మోకాలు ఆపరేషన్ అయినవాళ్లకు అది కుదరదు. విడదీస్తే మధ్యలో సందు వస్తుంది, ఇద్దరూ ఎవరి పక్క నుంచి వాళ్లు దిగొచ్చు. ఇంకొకటి, వరుసలో కొన్ని గదుల్లో మంచం అల్మారా దగ్గర, సోఫా కిటికీ దగ్గర ఉంటాయి, కొన్నింట్లో తిరగేసి ఉంటాయి. పెద్దవాళ్లకు మంచం అల్మారా వైపున్న గది మంచిది. కిటికీ అందం పోతుంది గానీ బాత్రూం నాలుగడుగుల్లో ఉంటుంది. అన్నట్టు, ఓడ బాత్రూం గుమ్మం చాలాచోట్ల కొంచెం ఎత్తుగా ఉంటుంది, నీళ్లు గదిలోకి రాకుండా. చీకట్లో కాలు తట్టుకునేది అక్కడే. మామూలు గదుల తలుపులు కూడా సన్నవి, వీల్‌చైర్ పట్టదు. దాని కోసం వెడల్పు తలుపుల గదులు వేరే ఉంటాయి.

మనం పోయి జరుపుకుంటాం లే అనుకోకండి. ఓడ ఊగుతుంది కాబట్టి బల్ల, అల్మారా లాంటివి బిగించే ఉంటాయి. జరిగేవి మంచాలు, ఒక కుర్చీ, మన సూట్‌కేసులు. సూట్‌కేసులు మంచం కిందికి పోతాయి, అది మాత్రం మన ఇళ్లల్లో లాగే. గోడలు ఎక్కువగా ఉక్కు రేకువి, అందుకే తెలిసినవాళ్లు అయస్కాంతం ఉన్న కొక్కాలు తీసుకెళ్లి టోపీలు, సంచులు గోడకే తగిలిస్తారు. అక్కకు ఇది చెప్తే మిగతా అన్ని సలహాల కంటే దీనికే ఎక్కువ మెచ్చుకుంది.

గోడలు రేకువి కావడానికి ఇంకో కారణం నిప్పు. టైటానిక్ మునిగాక 1914లో కొన్ని దేశాలు కూర్చుని సోలాస్ అనే ఒప్పందం రాసుకున్నాయి. ఇప్పుడు నడుస్తున్నది 1974 నాటిది, దాన్ని సవరిస్తూ వస్తున్నారు. అందులో గోడలకు, తలుపులకు క్లాసులుంటాయి. బి-15 అనే క్లాసు గోడ అరగంట దాకా మంటను అవతలికి పోనివ్వకూడదు, మొదటి 15 నిమిషాలు అవతలి వైపు వేడి సగటున 140 డిగ్రీల కంటే ఎక్కువ పెరగకూడదు. గోడకు కన్నం పెట్టి తలుపు బిగించామంటే ఆ తలుపు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. ఇంత బరువైన తలుపైనా మాటలు మాత్రం ఆగవు, అది వేరే బాధ. అంచుల సందుల్లోంచి పక్కవాళ్ల టీవీ, దగ్గు, తిట్లు అన్నీ వస్తాయి. ఫ్యామిలీ కాని ఇద్దరు కొత్తవాళ్లకు కనెక్టింగ్ గదులు పడితే ఒకరి గొడవ ఒకరికి పారాయణం.

అదే సోలాస్‌లో నాకు బాగా నచ్చిన రూలు ఒకటుంది: గది తలుపు లోపలి నుంచి తీయడానికి తాళంచెవి అవసరం కాకూడదు. చీకట్లో, పొగలో, కంగారులో చెవి వెతుక్కునే పరిస్థితి రావొద్దని. ఈ ఒక్క రూలు చదివి నేను ముందుకు పోయాను. అప్పుడు మా ఇల్లు గుర్తురాలేదు. రావాల్సింది.

మన దగ్గర ఓడ అంటే వైజాగ్ చెప్పుకోవాలి. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ అనే ఓడ విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు తిరిగింది. మరుసటి ఏడు సెప్టెంబర్‌లో అక్కడ క్రూజ్ టెర్మినల్ కూడా మొదలైంది. ఆ ఓడ ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో తయారైంది. అంటే మనకంటే చాలా పెద్దది వయసులో. ఆ కాలం ఓడల్లో గదులు ఇప్పటివాటికంటే చిన్నవి. మా అమ్మమ్మను, మామయ్య వాళ్లను తీసుకుని ఎప్పుడైనా దాంట్లో పోవాలని ఉంది. అప్పుడు ఈ లెక్కలన్నీ ఇంకా బిగుతుగా వేయాలి.

జులైలో ఒక రాత్రి మంచి వాన. కరెంటు పోయింది. ఒంటిగంటకో ఒంటిగంటన్నరకో బీరువా గడగడ చప్పుడు చేసింది. ముందు ఎలుక అనుకున్నాం. తర్వాత తెలిసింది, అవతలి నుంచి నానమ్మ నడిమి తలుపు కొడుతున్నదని. తాత బాత్రూంకు పోతూ పడిపోయాడు. డాడీ బీరువాను తోయబోతే జరగలేదు. నిండా చీరలు, స్టీలు సామాను, నా చిన్నప్పటి పుస్తకాలతో సహా. ఇద్దరం వానలో వెనక్కి ఉరికాం. వెనక పోర్షన్ గ్రిల్‌కు లోపలి నుంచి తాళం. నానమ్మకు చీకట్లో తాళంచెవి దొరకలేదు. దిండు కింద పెట్టేది, ఆ రోజు ఎక్కడ పెట్టిందో. ఐదారు నిమిషాలు పట్టి ఉంటుంది. గ్రిల్ అవతల తాత “నాకేం గాలే, మెల్లగ రాండ్రి” అంటున్నాడు. ఆ గొంతు మాకు తెలిసిన తాత గొంతులా లేదు.

మణికట్టు ఎముక విరిగింది. ఖలీల్‌వాడిలో కట్టు కట్టించాం. అంతకంటే పెద్దది ఏమీ కాలేదు. కానీ తెల్లారి నేను ఆ బీరువాను చూస్తూ కూర్చున్నా. డల్లాస్‌లో ఉన్న అక్కకు నడిమి తలుపు ముందు ఏమీ ఉండొద్దు, రాత్రి రెండు గంటలకు గదిని చూసుకో అని నెల రోజుల నుంచి పాఠం చెప్తున్నవాడిని నేనే.

ఆదివారం టేపు, గ్రాఫ్ పేపర్ తీసుకుని కూర్చున్నా. మా పడకగది 10 అడుగులు 11 అడుగులు. నడిమి తలుపు 11 అడుగుల పడమటి గోడలో ఉంది. నైరుతి మూల నుంచి మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు గోడ, రెండున్నర అడుగుల తలుపు, మళ్లీ నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు గోడ. బీరువా మూడు అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. ఓడ డిజైనర్లకు లేని ఒక రూలు మాకుంది, వాస్తు. అమ్మ ముందే చెప్పింది, బీరువా నైరుతిలోనే ఉండాలి, ఉత్తరానికే తెరుచుకోవాలి అని. మంచిదే అయింది. బీరువా వీపును దక్షిణపు గోడకు ఆనిస్తే పడమటి గోడలో అది తినేది అడుగున్నరే. దాని రెక్క తెరిస్తే ఇంకో అడుగున్నర. మొత్తం మూడు అడుగులు, నడిమి తలుపుకు ఇంకా తొమ్మిది అంగుళాలు మిగులు. ఇన్నేళ్లు వాస్తుకు విరుద్ధంగా ఉన్నది తలుపు కాదు, బీరువానే అని అమ్మకు చెప్తే నవ్వలేదు.

చిక్కు ఎక్కడంటే, నైరుతి మూలలో అమ్మ కుట్టు మిషన్ ఉంది. అమ్మ బ్లౌజులు కుడుతుంది. నా సెమిస్టర్ ఫీజులో ఆ మిషన్ వాటా ఎంతో నాకు తెలుసు. దాన్ని తలుపుకు అవతల ఉన్న నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాల గోడకు ఆనిద్దాం అనుకున్నా. కానీ తలుపు మా వైపే తెరుచుకుంటుంది, రెక్క పోయి ఆ గోడకే ఆనుతుంది. రెక్క పోను మిగిలేది రెండుంపావు అడుగులు. మిషన్ టేబుల్ మూడు అడుగులు. మళ్లీ అదే ఫ్రాగ్మెంటేషన్.

అయితే రెక్కను తిప్పి తాత వైపు తెరుచుకునేట్టు బిగిద్దాం అన్నాను. వడ్ల పనాయన వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. “మనిషి తలుపు దగ్గర్నే పడితే మీరు ఇటుకెంచి ఎట్ల నూకుతరు? ఆయన మీదికే కదా పోతది.” నాకు నోట మాట రాలేదు. ఆస్పత్రి బాత్రూం తలుపులు బయటికి తెరుచుకునేలా పెట్టేది అందుకేనట. నేను మూడు స్టేట్స్ లెక్కేశాను, నాలుగోది, మనిషి నేల మీద ఉండే స్టేట్, వేయలేదు. దాని కోసమే కదా ఇదంతా మొదలుపెట్టింది.

చివరికి మిషన్ హాల్లోకి పోయింది, కిటికీ పక్కకు. వెలుతురు బాగుంది, టీవీ గోల ఎక్కువైంది అంటుంది అమ్మ. ఆమెకు అది నిజంగా ఇబ్బందే. సీరియల్ టైముకు మిషన్ చప్పుడని నానమ్మ, మిషన్ టైముకు సీరియల్ అని అమ్మ. రెండుసార్లు చిన్న యుద్ధం కూడా జరిగింది. జాగా ఎక్కడి నుంచో పుట్టదు, ఎవరో ఒకరి దగ్గర నుంచి వస్తుంది. మా ఇంట్లో అది అమ్మ దగ్గర నుంచి వచ్చింది.

తలుపు తెరుచుకుంది, ఇక అయిపోయింది అనుకున్నా. తాత ఒప్పుకోలేదు. “నేనేమన్న చిన్న పోరణ్ణా, తలుపు తెరుసుకోని పండనీకె? నా దిక్కు గడియ ఉండాలె.” డాడీ వద్దన్నాడు, తాత పట్టు వదల్లేదు. ఆలోచిస్తే తాతదీ తప్పు కాదు. ఓడలో కూడా ఆ తలుపు మామూలుగా తాళం వేసే ఉంటుంది. రెండు గదులవాళ్లూ ఒకే ఫ్యామిలీ అయితేనే స్టీవర్డ్ తీస్తారు. చాలా హోటళ్లలో అయితే నడిమి గోడకు వీపు వీపుగా రెండు తలుపులుంటాయి, ఎవరి గడియ వాళ్ల దగ్గర. ఇద్దరూ ఒప్పుకుంటేనే దారి. మళ్లీ వడ్ల పనాయనే దారి చూపించాడు. బాత్రూంలకు పెట్టే ఒక రకం లాక్ ఉంది, లోపలి నుంచి తిప్పి వేసుకోవచ్చు, అవసరం పడితే బయటి నుంచి గాడిలో బిళ్ల పెట్టి తిప్పినా వస్తుంది. తాత దాన్ని పదిసార్లు వేసి తీసి చూసి సరే అన్నాడు.

ఆగస్టులో అక్క ఓడలోంచి వీడియో పంపింది. తలుపు లోపలి గదిలో, ఒక చివరకు ఉంది, నేను చెప్పినట్టే. పెద్దవాళ్ల గదిలో మంచాలు విడదీసి, సూట్‌కేసులు కిందికి తోసి ఉన్నాయి. పాప పై బెర్త్ మీద, చిన్నోడు సోఫా మీద. వాడు పడకుండా సోఫా పక్కన దిండ్లు. ఒకటి మాత్రం నేను లెక్కలో వేయలేదు. బల్ల ముందు కుర్చీ. మొదటి రాత్రి మామయ్య దానికే తట్టుకున్నాడట, పడలేదు. రెండో రోజు నుంచి ఆ కుర్చీని పడుకునే ముందు బాల్కనీలోకి పంపేశారు.

తాతకు ఆ వీడియో రెండుసార్లు చూపించాను. “అంత పెద్ద ఓడల అర్ర మా క్వార్టర్ వంటింటంత లేదు కదరా” అన్నాడు. అత్తమ్మ మంచం మీద కూర్చుని కిటికీలోంచి నీళ్లు చూస్తున్న చోట ఆపమన్నాడు, చాలాసేపు చూశాడు.

లాక్ కోసం ఒక రూపాయి బిళ్ల మా వైపు బీరువా మీద పెట్టాం, దాన్ని ఎవరూ ముట్టొద్దని అమ్మ ఆర్డర్. ఇప్పటిదాకా అవసరం పడలేదు. తాత మాత్రం పొద్దున చాయ్‌కి మా వైపు వచ్చినప్పుడల్లా చెయ్యి పైకి చాపి బీరువా మీద తడుముతాడు. “ఉన్నదా ఇంకా? బీడీలకు పట్టుకపోదామనుకున్న” అని కిందికి దించి, చూసి, మళ్లీ అక్కడే పెడతాడు.